నాకు పోయేదేటో కూడా రాయి

పొద్దున్నే కవళ్ల చేపలు బాగుచేసి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని మరీ ప్రెస్సుకు వచ్చాను. అయినా పదకొండు గంటలవేళ ఒక పెళ్లిపత్రిక ప్రూఫు మీద సంతకం పెడుతుంటే కుడి మణికట్టు మీద ఏదో తళుక్కుమంది. చూస్తే పొలుసు. ఎండి అతుక్కుపోయింది. గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. సబ్బు వాసన కింద భావనపాడు సముద్రం అలాగే ఉంది. నాకు నవ్వాగలేదు. ఎదురుగా కంప్యూటరు ముందు కూర్చున్న భవాని, "ఏటండీ మేడమ్, పొలుసుని సూసి అలా నవ్వుతున్నారు?" అంది. ఏం చెప్పను? ఆ పిల్ల చేరేనాటికే సలోమీ గారు లేరు. కానీ నా చెవిలో మాత్రం ఆవిడ గొంతు, పక్క గదిలోంచి అరిచినట్టే ఖంగున మోగింది. "జ్వరానికి పొలుసులుంటాయేటే, గుంటా?"

ఈ మాట అన్న మనిషి గురించి, ఆవిడని ఎన్నడూ చూడని వాళ్లకి చెప్పాలని ఎన్నాళ్లనుంచో ఉంది. టెక్కలి బజారులో మూడు మెట్లెక్కితే ఆవిడ ప్రెస్సు. అంచున్న తెల్ల నేత చీర, నల్ల తాడుకి వేలాడే కళ్లద్దాలు, ఏ పని చేస్తున్నా పెదాల మీద ఏదో ఒక కీర్తన. ఆదివారం పొద్దున బాప్టిస్టు గుడి, మిగతా ఆరు రోజులూ ప్రెస్సు. భర్త చనిపోయినప్పుడు అందరూ మిషను అమ్మెయ్యమన్నారట. ఈవిడ అమ్మలేదు సరికదా, తానే అరల ముందు నిలబడి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చడం నేర్చుకుంది. అందుకే అచ్చక్షరాలను తిరగేసి కూడా గడగడా చదివేది. నోరు మాత్రం నిప్పులకుంపటి. ఆవిడ చేత తిట్లు తినని పెళ్లివారు టెక్కలి చుట్టుపక్కల లేరంటే అబద్ధం కాదు.

నేను ఆవిడ దగ్గరకు వెళ్లింది తొంభైల చివర్లో. అప్పుడే సీసపు అక్షరాల అరలు వెనక గదిలోకి పోయి, ముందు గదిలోకి కంప్యూటరు వచ్చింది. నేను డిగ్రీ పాసై, టెక్కలిలోనే ఆరు నెలలు తెలుగు టైపింగు నేర్చుకున్నాను. అప్పటికి రెండు చోట్ల ఉద్యోగం అడిగాను. రెండు చోట్లా "ఏ ఊరు?" అన్నారు. భావనపాడు అనగానే ముక్కు ఎగబీల్చి, కబురు చేస్తామన్నారు. సలోమీ గారు ఊరు అడగలేదు. అచ్చయిన కాగితం ఒకటి చేతిలో పెట్టి, "తప్పులేరు" అంది. నేను నాలుగు ఏరి ఇచ్చాను. "అయిదున్నాయి. అయిదోది దొరికేదాకా ఇంటికెల్లకు" అని తన పనిలో పడిపోయింది. మధ్యాహ్నం భోజనం వేళ దాటాక దొరికింది నాకది. తేదీకి, వారానికి పొంతన లేదు. ఆవిడ కళ్లద్దాలు దించి, "ఆకలేసినా లేవలేదు, పర్లేదు" అంది. అదే నా నియామక పత్రం. మా ఊళ్లో కంప్యూటరు ముందు కూర్చుని జీతం తెచ్చుకున్న మొదటి ఆడపిల్లని నేనే. ఆ సంగతి ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను, ఎవరేమనుకున్నా సరే.

ఏడాది తిరక్కుండానే ఆ ఉద్యోగానికి గండం వచ్చింది. అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని బస్సు దిగుతూ మెట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆరు నెలలు నడవకూడదన్నాడు డాక్టరు. నాన్న అప్పటికే లేడు. అన్నయ్య, చిన్నాన్న కలిసి బోటు మీద వేటకు వెళ్లేవాళ్లు. మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. చేప నీళ్లలో ఉన్నంతసేపూ మగవాడిది, ఇసుక మీద పడ్డాక ఆడదానిది. బోటు ఒడ్డెక్కగానే ఆ ఇంటి ఆడది నిలబడి పాట పాడించాలి, అంటే వేలం వేయాలి. మగవాడు నోరు విప్పి ధర చెప్పడు, నామోషీ. ఇంటి ఆడది లేకపోతే సావుకారు ఎంతంటే అంతే. ఇంట్లో మిగిలిన ఆడదాన్ని నేను. చిన్నాన్న తేల్చి చెప్పేశాడు. "ఉజ్జోగం మానీ. టైపు కొట్టినోల్లందరూ ఏ మేడలు కట్టేసినారు?" అమ్మ మానేయమనలేదు, మానొద్దనీ అనలేదు. గోడకేసి తిరిగి పడుకుంది. మానేస్తే మళ్లీ ఆ కుర్చీ నాకు దొరకదని నాకు తెలుసు. మానకపోతే మా బోటు కష్టం సావుకారు పాలు.

అప్పుడు నేను చేసింది ఏమిటంటే, దొంగ జ్వరం తెచ్చుకున్నాను. బళ్లో మాకు నేర్పింది ఒకే ఒక్క సెలవు చీటీ. అయామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్. మేనమామ పెళ్లయినా, వరికోతలయినా, చీటీలో మాత్రం జ్వరమే. ఒక వారంలో అలాంటివి రెండు రాసి ఇచ్చి, మధ్యాహ్నం పన్నెండుకి వచ్చి కూర్చున్నాను. మూడోది ఇచ్చిన రోజు సలోమీ గారు ఆ చీటీని కిటికీ వెలుతురులో పెట్టి, ప్రూఫు చూసినట్టే చూసింది. కాగితం మూల నా బొటనవేలు తగిలినచోట పొలుసు అతుక్కుని ఉంది. అప్పుడు అంది ఆ మాట. పక్క గదిలో మిషను నడిపే సింహాచలం మావ పగలబడి నవ్వాడు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆవిడ నవ్వలేదు.

"అబద్ధం రాసే దానివి నా ప్రెస్సులో నిజం ఎలా కంపోజ్ సేత్తావు? ఎల్లి, ఉన్నది ఉన్నట్టు తెలుగులో రాసి పట్రా" అంది.

మర్నాడు తెచ్చాను. ఒట్టి చేతుల్తో రాలేదు. మావాళ్లలో ఎవరి దగ్గరికి ఏ పని మీద వెళ్లినా మంచి చేప ఒకటి తీసుకువెళ్లడం రివాజు. కరణం దగ్గరికైనా, కంపౌండరు దగ్గరికైనా, ముందు చేప, తర్వాత మాట. అన్నయ్యని అడిగి మరీ మోచేతంత వంజరం తాటాకులో చుట్టి తెచ్చి, దాని మీద ఉత్తరం పెట్టి ఆవిడ బల్ల మీద ఉంచాను. ఆవిడ ఉత్తరం తీసుకుంది. చేపను వేలితో నా వైపు తోసింది.

"ఇదేటి?"

"అమ్మ పంపిందమ్మగారూ."

"ఉత్తరంతో చేప తెచ్చావంటే అది అడగడం కాదే, బతిమాలడం. నా దగ్గర పని సేసేవోల్లు బతిమాలకూడదు. ఇది ఇంటికి పట్టుకెల్లి మీ అమ్మకి పులుసెట్టు."

తర్వాత ఉత్తరం చదివింది. అమ్మ కాలు, బోటు, వేలం, అన్నీ రాశాను. కన్నీళ్లు కూడా ఒకటి రెండు చోట్ల కలిపాను. చదివి, బోర్లించి, వెనక వైపు ఖాళీగా ఉన్న కాగితాన్ని చూపించింది. "నీకేటి కావాలో రాసావు. బాగుంది. నాకేటి పోద్దో రాయలేదు. నువ్వు పొద్దున్న లేకపోతే ఈ ప్రెస్సుకి పోయేదేటో కూడా నువ్వే రాయాల. తక్కువ సేసి రాయకు, నాకు కోపం వత్తాది. రాసేక, ఆ పోయేదాన్ని ఎలా పూడుత్తావో రాయి. అప్పుడు మాటాడుకుందాం."

చేపను ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇంటికి వెళ్తూ ఆలోచించాను. మొదట ఒళ్లు మండింది. అడిగేది నేను, నష్టం లెక్క కట్టేది కూడా నేనేనా అనిపించింది. కానీ రాయడం మొదలుపెట్టాక, నా జన్మలో మొదటిసారి ఆవిడ కుర్చీలో కూర్చుని ప్రెస్సును చూశాను. పెళ్లివారు పల్లెల నుంచి తొలి బస్సులకే వస్తారు. పత్రిక రాయించుకోవడానికి నేను లేకపోతే ఇంకో ప్రెస్సుకు పోతారు. నేను కంపోజ్ చేస్తే కానీ సింహాచలం మావ మిషను తిరగదు. ఆయన చేతులు ముడుచుకుని బీడీలు కాలుస్తూ కూర్చోవాలి. అన్నీ రాశాను. తక్కువ చేయలేదు. ఎదురుగా, పూడ్చే దారి రాశాను. పొద్దున పెళ్లివారి దగ్గర అమ్మగారే కూర్చుని విషయం రాసుకుంటే, నేను వచ్చి సాయంత్రం ఏడింటి బస్సు దాకా ఉండి ఆ రోజువి ఆ రోజే ముగిస్తాను. ఏటా వేసవిలో నెలన్నర వేట ఆపేస్తారు కదా, అప్పుడు సరిగ్గా పెళ్లిళ్ల ముమ్మరం. ఆ రోజుల్లో ఏడింటికే వచ్చి, బాకీ పడిన గంటలన్నీ తీరుస్తాను. కింద, గట్టిగా కనిపించాలని, "ప్రతిరోజూ పదిన్నరకల్లా తప్పక వస్తాను" అని కూడా చేర్చాను.

ఆవిడ ఆ చివరి వాక్యం దగ్గర ఆగింది. "పదిన్నరా?" అంది. "అవునమ్మగారూ, కచ్చితంగా" అన్నాను ఛాతీ విరుచుకుని. "నీ ఇష్టం. ఒక నెల సూద్దాం. నెలయ్యాక నీకు గాని నాకు గాని కుదరకపోతే మళ్లీ రాసుకుందాం" అని సంతకం పెట్టి, ఆ కాగితాన్ని మిషను పక్క గోడకి మేకు కొట్టి తగిలించింది. దాచుకోవాల్సిన దయ కాదది, అందరూ చదువుకోదగ్గ ఒప్పందం అని నాకు అర్థం కావడానికి కొంతకాలం పట్టింది. అప్పుడు మాత్రం సిగ్గేసింది.

దాన్ని రోజూ చూస్తూ మూడో రోజుకి సింహాచలం మావ బరస్టయ్యాడు. ఆయనకు చదువు రాదు, కానీ గోడ మీద ఏముందో ఊరంతా చెప్పేసింది. "అమ్మగోరూ, ఆ గుంటకో నేయం, నాకో నేయమా? పదకొండేల్లనుంచీ నాను తొమ్మిదికే వత్తన్నాను గదా?"

"అయితే నీకేటి కావాలో నువ్వూ సెప్పు" అంది ఆవిడ.

ఆయన బీడీకట్ట తీసుకుని మెట్లు దిగిపోయాడు. ఆ పదకొండేళ్లలో ఆయన్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు పాపం. సాయంత్రం నా దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు. ఉద్దానం వైపు వాళ్లకి కొంచెం జీడితోట ఉంది. జీడిపిక్కలు రాలే నెల రోజులూ పొద్దున్నే వెళ్లి ఏరుకోకపోతే సగం పరాయివాళ్ల పాలవుతాయి. ఆ నెల మాత్రం పదకొండుకి వస్తానని రాసిపెట్టమన్నాడు. నేను కలం పట్టుకుని, అమ్మగారి గొంతు పెట్టి, "అమ్మగారికి పోయేదేటి మావా?" అన్నాను. ఆయన తన మిషను కేసి చూసి, "నా మిషను రెండు గంటలు పడుకుంటాది" అన్నాడు. ఆ మాటే రాశాను. ఆయన వేలిముద్ర వేశాడు. ఆ కాగితం కూడా నా కాగితం పక్కకే చేరింది.

ఇక నా పదిన్నర సంగతి. మొదటి రెండు వారాలు గాలి అనుకూలించి బోటు ఎనిమిదిన్నరకే వచ్చేది. నేను పదింబావుకే కుర్చీలో ఉండి, గడియారం కేసి చూసి మురిసిపోయేదాన్ని. మూడో వారంలో గాలి మారింది. ఒకరోజు పది దాటుతున్నా బోటు జాడ లేదు. వచ్చి, పాట మొదలయ్యేసరికి పదకొండు. నాకు కాళ్లు నిలవలేదు. పాట సగంలో ఉండగా సావుకారు అన్న ధరకే తలూపేసి, బస్సు అందుకున్నాను. వెనకనుంచి అన్నయ్య పేరు పెట్టి కేకేస్తున్నా తిరిగి చూడలేదు. ప్రెస్సుకు వచ్చేసరికి ఒంటిగంట. అమ్మగారు గుడికి సంబంధించిన స్త్రీల కూటమికి వెళ్లారు. ఒక పెళ్లిపత్రిక అర్జెంటుగా ఉంది. ఆలస్యం కనిపించకూడదని, అంతకుముందు చేసిన పత్రికనే తెరిచి, పేర్లు మార్చేసి, "ప్రూఫు చూసేశాను, ఎక్కించెయ్ మావా" అని అబద్ధం ఆడేశాను. సాయంత్రానికి కట్టలు కట్టి పెళ్లివారికి ఇచ్చేశాం.

మర్నాడు మా బోటు వేటకు వెళ్లలేదు, నేను పెందలాడే వచ్చి కూర్చున్నాను. పెళ్లికూతురి తండ్రి, అప్పలస్వామి అని నౌపడ దగ్గరి రైతు, పత్రికల కట్ట చంకన పెట్టుకుని మెట్లెక్కాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పసుపు రాసిన పత్రికొకటి తీసి బల్ల మీద పరిచాడు.

"నాను సచ్చిపోనానేటమ్మా? దేవుడి కాడెట్టి మొదటి పత్రిక మా పిల్లే సదివింది. సదివి కుప్పకూలిపోనాది. పెల్లి కాకముందే నాకు పెద్దకర్మ సేసీసినారా మీరు?"

ఆయన పేరు ముందు కీ.శే. అని ఉంది. పాత పత్రికలో పెళ్లికూతురి తండ్రి నిజంగానే చనిపోయాడు. నేను పేరు మార్చాను, ముందున్న ఆ రెండక్షరాలూ తీయలేదు. కంప్యూటరు వెనక తల దాచుకున్నాను. ఇప్పుడు నా పేరు చెబుతుంది, ఆ గోడ మీది కాగితం చింపి నా మొహాన కొడుతుంది అనుకున్నాను.

సలోమీ గారు కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ జోడించింది. ఆ మనిషి ఒకరికి చేతులు జోడించడం అంతకుముందు నేనెన్నడూ చూడలేదు. "తప్పు నాది బాబూ. ప్రూఫు సూడకుండా మిషనెక్కించిన ప్రెస్సు నాది. మీరు నూరేళ్లుండాల. మద్దేన్నానికి కొత్త పత్రికలు మీ సేతిలో ఎడతాను. ఈ పాతవి మీ కళ్లముందే కాల్సేత్తాను, ఒక్కటి కూడా ఊల్లోకి పోదు." అలాగే చేసింది. పెరట్లో ఆయన ఎదురుగా కట్ట మొత్తం కాల్చి, టీ తెప్పించి కూర్చోబెట్టింది. కొత్తది నేను కంపోజ్ చేశాను. ప్రూఫు ఆవిడ చదివి, నా చేత చదివించి, చివరికి ఆయన చేత కూడా చదివించింది. ఆయన వెళ్తూ వెళ్తూ మెత్తబడి, "పెల్లికి రండమ్మా, నాను బతికే ఉంతాను" అన్నాడు. ఆ పొద్దంతా ఆవిడ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చెంపదెబ్బ కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఆయన మెట్లు దిగాక పిలిచింది. నేను ఏడుస్తూ అంతా చెప్పాను. బోటు ఆలస్యం, సగంలో వదిలేసిన పాట, చూడని ప్రూఫు, ఆడిన అబద్ధం. అక్కడా చెడింది, ఇక్కడా చెడింది. పని మానేస్తానన్నాను.

"రెండు పడవల మీద కాళ్లెడితే ఏటవుద్దో బోటు మీద బతికేవోల్లకి నేను సెప్పాలా?" అంది ముందు. తర్వాత గోడ దగ్గరకు నడిచి, నా కాగితం మీద చివరి వాక్యం మీద వేలు పెట్టింది. "ఈ పదిన్నర నేనడిగానేటే? నువ్వే రాసావు. గాలి నీ సేతిలో ఉందా? సముద్రం మీద నువ్వెవర్తివే మాటివ్వడానికి? నన్ను మెప్పించాలని నీది కానిదాన్ని నాకు రాసిచ్చావు. నీ సేతిలో ఉన్నదేటో దాని మీద మాటియ్యి. నెల కాలేదు, అయినా మళ్లీ రాయి."

మళ్లీ రాశాను. అందులో గడియారం లేదు. తీసుకున్న పత్రిక అనుకున్న రోజుకి ఇస్తాను, రెండోసారి చదవని ప్రూఫు నా చేతిమీదుగా మిషనెక్కదు, మాటిచ్చింది ఈ రెంటికే. పూడ్చే దారి కింద రాశాను. బోటు కనపడగానే రేవు దగ్గరి ఐసు కొట్టు నుంచి ప్రెస్సుకు ఫోను చేస్తాను, పాట ముగిశాక ఇంకోసారి చేస్తాను, దాన్నిబట్టి అమ్మగారు పెళ్లివారికి వేళ చెప్పుకుంటారు. ఆవిడ చదివి, "ఇది నిలుస్తాది" అంది. నిలిచింది. వంక పెట్టడానికి లేకుండా నిలిచింది.

నాకు అన్నిటికంటే గర్వం కలిగించింది ఆ ఒప్పందం కాదు, దాన్ని ఆవిడ మోసిన తీరు. నేను లేని పొద్దుటిపూట ఎవరైనా అడిగితే ఒంట్లో బాగోలేదనో, ఊరెళ్లిందనో ఆవిడ చెప్పేది కాదు. ఒకరోజు నేను ఐసు కొట్టు నుంచి ఫోను చేసినప్పుడు, అవతల ఎవరికో ఆవిడ చెబుతున్నది ఫోనులోంచి వినిపించింది. "మా కంపోజిటరు బోటు కాడుందండీ. ఆల పాట ఇప్పుడే అయింది. మద్దేన్నం రండి, మీ పత్రిక సిద్ధంగా ఉంటాది." ఆ గొంతులో సంజాయిషీ లేదు. మా పిల్ల కలెక్టరు ఆఫీసులో ఉందన్నట్టు చెప్పింది. చేతిలో తడి నోట్లతో, కాళ్ల మీద ఇసుకతో, ముక్కు ఎగబీల్చిన ఆ రెండు ఆఫీసులూ గుర్తొచ్చి, అక్కడే ఐసు పెట్టెల మధ్య నిలబడి ఏడ్చేశాను. అది మాత్రం సంతోషమే.

వేసవి వచ్చి వేట ఆగింది. అన్నమాట ప్రకారం నేను ఏడింటికే ప్రెస్సు తలుపులు తీసేదాన్ని. సింహాచలం మావ జీడిపిక్కలు ఏరుకుని పదకొండుకి వచ్చేసరికి ఆయన మిషనుకి పని సిద్ధంగా ఉండేది. ఆయన కాగితమూ నా కాగితమూ గోడ మీద పక్కపక్కనే ఉండి, ఒకదాని గుంటను ఇంకొకటి పూడ్చేశాయి. ఆ ఏడు పెళ్లిళ్లకి ఒక్క పత్రిక కూడా ఆలస్యం కాలేదు. మళ్లీ వేట మొదలయ్యేసరికి అమ్మ లేచి రేవుకు నడిచింది. తొలి రోజే గంపలోంచి మంచి వంజరం తీసి పట్టుకుని, కుంటుకుంటూ ప్రెస్సు మెట్లెక్కింది. "ఇప్పుడైనా తీసుకుంతారా అమ్మా?" అంది. సలోమీ గారు రెండు చేతులూ చాపింది. "ఇప్పుడు తీసుకుంటాను. ఇది అడగడానికొచ్చిన చేప కాదు కదా" అంది. ఆ ఇద్దరూ అలా నిలబడి నవ్వుకోవడం చూసి, ఈ ఉద్యోగం ఇక నాదని ధైర్యం వచ్చింది.

తర్వాత ఆవిడ దగ్గర తొమ్మిదేళ్లు పనిచేశాను. ఆఫ్‌సెట్ వచ్చింది, బ్యానర్లు వచ్చాయి, ఇంకో ఇద్దరు పిల్లలు చేరారు. ఆవిడ మోకాళ్లు మూడు మెట్లకి కూడా మొరాయించాక, ప్రెస్సు తాళాలు, సంతకం అన్నీ నాకు అప్పజెప్పింది. అప్పజెప్పిన వారానికి, ఓ సోమవారం పొద్దున, పలాసలో ఉన్న కూతురింటి నుంచి వచ్చి, నా ఎదురుగా, కుర్చీలో కాదు, పెళ్లివారు కూర్చునే బల్ల మీద కూర్చుని, సంచిలోంచి ఒక కాగితం తీసి నాకిచ్చింది. సీసపు అక్షరాల్లాంటి గుండ్రటి దస్తూరి.

"గౌరవనీయులైన నూకరత్నం గారికి" అని మొదలైంది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పలాస నుంచి రోజూ రాలేననీ, వారానికి ఒకరోజు, సోమవారం మధ్యాహ్నం దాకా మాత్రం వస్తాననీ, మిగతా రోజుల్లో ప్రూఫులు బస్సులో పంపితే చదివి మర్నాడు తొలి బస్సుకే తిప్పి పంపుతాననీ రాసింది. ఎన్ని గంటలకి వస్తానన్న మాట మాత్రం లేదు. చదవని ప్రూఫు తన దగ్గర రాత్రి నిద్రపోదు అని ఉంది. దాని పైన, విడిగా ఒక వాక్యం. "మీకు పోయేది: రోజూ మిమ్మల్ని తిట్టే మనిషి."

"ఏటమ్మగారూ ఇది? మీకు నేను అనుమతి ఇవ్వడమేంటి? నేను సంతకం పెట్టను" అన్నాను కాగితం వెనక్కి ఇస్తూ.

"పెట్టకపోతే రోజూ తొమ్మిదికి రావాల నేను. మోకాళ్లు నీవా నావా?" అని గద్దించింది. తర్వాత మెల్లగా, "పని సేసేవోల్లెవరైనా అడిగే తీరాలే, గుంటా. సూడు, చేప తేలేదు నేను" అంది. సంతకం పెట్టాను. ఆ కాగితాన్ని తీసుకెళ్లి, రంగు వెలిసిన నా కాగితం పక్కన, సింహాచలం మావ వేలిముద్ర పక్కన, నేనే మేకు కొట్టి తగిలించాను.

రెండేళ్లపాటు పలాస బస్సులో వెళ్లిన ఏ ప్రూఫూ ఎర్రసిరా లేకుండా తిరిగి రాలేదు, మర్నాడు దాటి రాలేదు. తర్వాత ఒక రోజు ప్రూఫుకు బదులు కబురు వచ్చింది. పోయినవారి కోసం గుడిలో జరిపే ఆదరణ కూటమికి కార్డు నేనే కంపోజ్ చేశాను. ఆవిడ పేరు కొట్టి, ముందు కీ.శే. అని కొట్టడానికి ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. ఆ రెండక్షరాలూ ఈసారి తప్పు కాదు. తప్పయితే బాగుండునని ఎంత కోరుకున్నానో. ముందు నుంచి చదివాను, ఆవిడ నేర్పినట్టు వెనక నుంచీ చదివాను. అయిదోసారి చదువుతుంటే సింహాచలం మావ వచ్చి, "ఇంకెన్నిసార్లు సూత్తావమ్మా, తప్పు నేదులే" అన్నాడు. మిషనుకెక్కించాం.

ఇవాళ్టికీ నా దగ్గర పనిచేసే పిల్లలు వేళలు మార్చమని అడగడానికి వస్తే, ముందు గోడ దగ్గరికి పంపుతాను. చంటిపిల్ల తల్లి, పరీక్షలు రాసే అమ్మాయి, డయాలసిస్‌కి మామగారిని తిప్పే కోడలు, అందరూ ఆ కాగితాలు చదివి, తమది రాసి తెచ్చారు. ఏ ఒక్కరికీ దొంగ జ్వరం రాలేదు. భవాని కూడా ఇవాళ పొలుసు కథంతా విని, లేచి వెళ్లి సలోమీ గారి ఉత్తరం ముందు నిలబడి చదివింది. "మీకు పోయేది, తిట్టే మనిషేనా మేడమ్? అంతేనా?" అంది. పోయేదాన్ని తక్కువ చేసి రాయకూడదని నాకు నేర్పిన మనిషి, ఆ ఒక్కచోట మాత్రం తక్కువ చేసి రాసింది. ఎర్రసిరా కలం నా చేతిలోనే ఉన్నా, ఆ తప్పును నేనింతవరకూ దిద్దలేదు.